కాంటనీస్ గ్రాంథిక పదజాలం: అర్థం, వాడుక

కాంటనీస్ మాట్లాడే జనం చదువులో, రాతలో, పాటలో, ప్రకటనల్లో వాడుతూ, ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు మాత్రం దాదాపు నోట రానివ్వని మాటల సముదాయాన్ని కాంటనీస్ గ్రాంథిక పదజాలం అనవచ్చు. ఈ భాషకు పుట్టిల్లు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం. గ్వాంగ్‌జౌ నగరపు పలుకుబడిని ప్రమాణంగా చూస్తారు. అయితే గ్రాంథిక పదాలను కాంటనీస్ ఉచ్చారణతో చదివే అలవాటు నేటికీ గట్టిగా నిలిచింది హాంగ్‌కాంగ్, మకావ్‌లలోనే. 2021 జనగణన ప్రకారం హాంగ్‌కాంగ్‌లో ఐదేళ్లు, ఆపై వయసు వారిలో సుమారు 88 శాతం మందికి ఇదే రోజువారీ భాష.

ఈ పదాలకు అర్థం నిఘంటువులో దొరుకుతుంది. ఎక్కడ పలకాలో, ఏ ఉచ్చారణతో పలకాలో, ఎక్కడ పలికితే ఎదుటివాళ్లు నవ్వుతారో అందులో అంత సులువుగా దొరకదు. నేర్చుకునేవాళ్ల కష్టంలో ముప్పాతిక వంతు ఈ రెండో భాగంలోనే ఉంది.

ఈ వ్యాసంలో కాంటనీస్ మాటల పక్కన కనిపించే 1 నుంచి 6 వరకు అంకెలు స్వరాన్ని సూచిస్తాయి. హాంగ్‌కాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో రూపొందించిన యుత్‌పింగ్ పద్ధతి లెక్క ఇది. 1 పైస్థాయిలో నిలకడగా సాగేది, 2 పైకి లేచేది, 3 మధ్యస్థాయి, 4 కిందికి జారేది, 5 కింద మొదలై కాస్త లేచేది, 6 కిందిస్థాయిలో నిలిచేది. క, త, ప, చ అని రాసినచోట ఊపిరి ఒత్తి పలకాలి. గ, ద, బ, జ అని రాసినచోట ఒత్తు ఉండదు.

మూడు పొరలు

గ్రాంథికం అనగానే ఒకటే పొర అనుకుంటాం. కాంటనీస్‌లో రెండున్నాయి, వాటి కింద వాడుక భాష మూడోది.

అన్నింటికంటే పాతది మన్‌యిన్, అంటే ప్రాచీన చైనీస్ రాతభాష. క్రీస్తుపూర్వపు గద్యాన్ని ఒరవడిగా పెట్టుకుని రెండువేల ఏళ్ల పాటు చైనా అంతటా రాజ్య వ్యవహారం, పాండిత్యం, కవిత్వం ఇందులోనే సాగాయి. సివిల్ ఉద్యోగాల కోసం జరిగే రాజపరీక్షలూ ఇందులోనే. ఆ పరీక్షలను 1905లో రద్దు చేశారు. 1917లో హూ షి సాహిత్య సంస్కరణ గురించి రాసిన వ్యాసంతో, 1919 మే 4 ఉద్యమంతో మన్‌యిన్ స్థానంలోకి వాడుక భాషలో రాసే పద్ధతి వచ్చింది. రెండో పొర అదే. హాంగ్‌కాంగ్‌లో దాన్ని స్యూమిన్‌యూ, అంటే రాతభాష అంటారు.

ఇక్కడ తెలుగువాళ్లకు గిడుగు రామమూర్తి వ్యావహారిక ఉద్యమం గుర్తుకు రావడం సహజం. కాలం కూడా ఇంచుమించు అదే. కానీ ఫలితంలో పెద్ద తేడా ఉంది. తెలుగులో గ్రాంథికం పోయి తెలుగువాళ్ల వాడుకే రాతకెక్కింది. గ్వాంగ్‌జౌలో, హాంగ్‌కాంగ్‌లో పాత గ్రాంథికం పోయి వచ్చింది ఉత్తరాదివాళ్ల వాడుక. బీజింగ్ పిల్లవాడికి మాట్లాడినట్టే రాయమన్నారు, సరిపోయింది. కాంటనీస్ పిల్లవాడికి అదే మాట చెబితే, వాడు మాట్లాడేది ఒకటి, రాయాల్సింది మరొకటి. ‘అతను’ అనడానికి నోట్లో వచ్చేది కొయ్5, రాతలో వచ్చేది తా1. ‘అవును’ హయ్6 అయితే రాతలో సి6. ‘కాదు’ అనడానికి మ్4, రాతలో బత్1. షష్ఠీ ప్రత్యయం గె3 అంటారు, దిక్1 అని రాస్తారు. చూడటం తయ్2, రాతలో హోన్3. ‘ఇప్పుడు’ యీ4గా1, రాతలో యిన్6జోయ్6. వాక్యంలో సగం మాటలు ఇలా మారిపోతాయి. ఆ మారినవాటిని బళ్లో మాండరిన్ ఉచ్చారణతో కాకుండా కాంటనీస్ ఉచ్చారణతోనే గట్టిగా చదివిస్తారు. అలా చదివితే వచ్చే భాషను ఎవరూ మాట్లాడరు, అందరికీ అర్థమవుతుంది.

ఒకే భావం మూడు పొరల్లో ఎలా ఉంటుందో చూడటానికి కర్మణి ప్రయోగం మంచి ఉదాహరణ. ఒకడు మోసపోయాడని చెప్పాలి. వాడుకలో బెయ్2 పెట్టి చెబుతారు. ఆ మాటకు అసలు అర్థం ‘ఇవ్వడం’. రాతభాషలో బెయ్6. దినపత్రిక శీర్షికలో అయితే ప్రాచీన క్రియ జోవ్1 వస్తుంది, దానికి ‘కీడుకు లోనవడం’ అనే అర్థం కూడా అంటుకుని ఉంటుంది. ఇక్కడ మూడూ చేసే పని ఒకటే అయినా ఒకదాని చోట మరొకటి పెట్టలేం.

ఒక అక్షరం, రెండు ఉచ్చారణలు

గ్రాంథిక పదజాలం నేర్చుకునేవాళ్లు ముందుగా తడబడేది ఇక్కడే. చాలా అక్షరాలకు కాంటనీస్‌లో ఒక గ్రాంథికోచ్చారణ, ఒక వాడుక ఉచ్చారణ ఉన్నాయి. తెలుగులో ‘ఆశ్చర్యం’ తత్సమం, ‘అచ్చెరువు’ తద్భవం; రాతలోనే తేడా కనిపిస్తుంది కాబట్టి చదివేవాడికి చిక్కులేదు. చైనీస్ లిపిలో రెండింటికీ గుర్తు ఒకటే. ఏది పలకాలో పక్కనున్న మాటను బట్టి తెలుసుకోవాలి.

‘ప్రాణం, విధి’ అనే అర్థాలున్న అక్షరాన్ని తీసుకుందాం. గ్రాంథికోచ్చారణ మింగ్6, వాడుకలో మెంగ్6. జీవితం అనే రాతపదం సంగ్1మింగ్6. విప్లవం గాక్3మింగ్6. జాతకం చెప్పించుకోవడం మాత్రం స్యూన్3మెంగ్6. నీళ్లలో పడ్డవాడు ‘కాపాడండి’ అని అరిచేది గౌ3మెంగ్6. ఎవరైనా గౌ3మింగ్6 అని అరిస్తే ఒడ్డున ఉన్నవాళ్లకు అర్థమవుతుంది, కానీ మునిగిపోతూ ఇంత పాండిత్యమేమిటని ఒక్క క్షణం ఆలోచిస్తారు.

ఇలాంటి జతలు చాలా ఉన్నాయి, వాటిలో ఒక క్రమం కూడా ఉంది. గ్రాంథికోచ్చారణలో ‘ఇంగ్’ ఉన్నచోట వాడుకలో తరచు ‘ఎంగ్’ వస్తుంది. శబ్దం: ప్రకటన అనే అర్థంలో సింగ్1మింగ్4, గొంతు పెద్దది చేయడంలో దాయ్6సెంగ్1. భయం: దిగ్భ్రాంతి అనే రాతపదం జన్3గింగ్1, వీధిలో భయపడ్డానని చెప్పడానికి గెంగ్1. సమత్వం: క్షేమం అనేది పింగ్4ఓన్1, సరుకు చవక అనేది పెంగ్4. కొత్త సంవత్సరానికి ఎర్రకాగితం మీద రాసి గుమ్మాలకు అతికించే శుభవాక్యాల్లో రాకపోకలు క్షేమంగా సాగాలని కోరేది ఒకటుంది. అందులోని పింగ్4ను పెంగ్4 అని చదివితే ఇంటికి వచ్చేపోయే వాళ్లంతా చవకబారు అన్నట్టు ధ్వనిస్తుంది.

రెండో క్రమం హల్లుల్లో కనిపిస్తుంది. దగ్గర అనే అక్షరం గ్రాంథికంలో గన్6, వాడుకలో కన్5. బరువు అనేది ‘ముఖ్యం’ అనే అర్థంలో జుంగ్6యియు3, సామాను మోసేటప్పుడు చుంగ్5. చప్పదనం: మనిషి ముభావాన్ని లాంగ్5దామ్6 అంటారు, సూపులో ఉప్పు తగ్గితే తామ్5. అంటే గ్రాంథికంలో ఒత్తులేని హల్లు, ఆరో స్వరం; వాడుకలో ఒత్తుతో హల్లు, ఐదో స్వరం. ఈ రెండు సూత్రాలు తెలిస్తే వందలాది మాటల్ని విడివిడిగా బట్టీ పట్టే పని తప్పుతుంది. అన్నిచోట్లా పనిచేస్తాయని కాదు. కొన్ని అక్షరాలకు ఒకే ఉచ్చారణ ఉంటుంది. మరికొన్నిటిలో రెండూ చెల్లుతాయి, ఎంచుకోవడం వయసునూ కుటుంబాన్నీ బట్టి ఉంటుంది.

పాతమాట అనుకుంటే పచ్చిమాట

మాండరిన్ వచ్చినవాళ్లు కాంటనీస్ నేర్చుకుంటే ఎదురయ్యే వింత ఇది. బీజింగ్‌లో పుస్తకాలకే పరిమితమైన మాట ఇక్కడ చేపల మార్కెట్లో వినిపిస్తుంది. తినడం ప్రాచీన చైనీస్‌లో సిక్6, కాంటనీస్ వాడుకలోనూ సిక్6. నడుమనున్న రాతభాషలో మాత్రం హెక్3. తాగడం పాతకాలంలోనూ నేటి వాడుకలోనూ యమ్2. ప్రపంచమంతటికీ తెలిసిన ‘యమ్‌చా’ (టీ తాగడం) అనే మాటలో ఉన్నది ఆ యమ్2నే. రెక్కకు యిక్6, ముఖానికి మిన్6 కూడా అంతే. కాబట్టి ఏది ప్రాచీనమో అది గ్రాంథికం అనే లెక్క కాంటనీస్‌లో చెల్లదు. ఇక్కడ గ్రాంథికంగా వినిపించేవాటిలో ఎక్కువ భాగం నిజానికి ఉత్తరాది వాడుకమాటలు.

ఈ తారుమారులో కొన్ని మాటలు ప్రమాదకరంగా ఉంటాయి. జౌ2 అనే మాటకు ప్రాచీనార్థం పరిగెత్తడం. కాంటనీస్ వాడుకలో ఇప్పటికీ పరుగు, లేదా అక్కడినుంచి వెళ్లిపోవడం. రాతభాషలో అది నడక. హాంగ్‌కాంగ్‌లో నడకను హాంగ్4 అంటారు. పాఠంలో ముసలాయన మెల్లగా జౌ2 అన్నాడని చదివిన పిల్లలు ఆయన మెల్లగా పరిగెత్తాడేమిటని మొదట్లో తికమకపడతారు. ఉక్1, ఫోంగ్4 అనే జతలో ఇల్లూ గదీ తారుమారవుతాయి: కాంటనీస్‌లో ఉక్1 ఇల్లు, ఉత్తరాదిలో అదే అక్షరం గది, ఫోంగ్4 దానికి ఎదురు. అన్నట్టు, గది అర్థంలో నోటితో అనేటప్పుడు అది ఫోంగ్2 అవుతుంది. వాడుకలో బాగా నలిగిన పేర్లకు ఇలా స్వరం పైకి లేస్తుంది. గ్రాంథిక పదాలకు సాధారణంగా ఈ మార్పు ఉండదు.

ఇక విడిగా ఎన్నడూ నోట పలకని అక్షరం సమాసంలో దర్జాగా తిరుగుతుంది. తా1 అని ఒంటరిగా ఎవరూ అనరు, కానీ ‘ఇతరం’ అనే అర్థంలో కెయ్4తా1 ప్రతి ఒక్కరూ అంటారు. హెక్3 అని అనరు, కానీ నష్టపోవడాన్ని హెక్3క్వయ్1 అంటారు. ప్రాచీన షష్ఠీ ప్రత్యయం జి1 లేకుండా భిన్నాలు, శాతాలు చెప్పడమే కుదరదు: మూడింట ఒకటి సామ్1ఫన్6జి1యత్1. ‘అందుచేతనోయీ’ అన్నంత పాత వాసనగల యూ1సి6ఫు4 అనే మాట కథ చెప్పే అవ్వ నోట్లో నలుగుతుంది. ‘ఇలాంటి న్యాయం ఎక్కడైనా ఉంటుందా’ అనే శుద్ధ ప్రాచీన వాక్యం, హెయ్2యౌ5చి2లెయ్5, బస్సులో కాలు తొక్కినవాడి మీద విసిరే తిట్టు. అందుకే అనుభవమున్న ఉపాధ్యాయులు అక్షరానికి అర్థం చెప్పి ఊరుకోరు, అది వచ్చే సమాసాలను కలిపి చెబుతారు.

వినిపించే చోట్లు

హాంగ్‌కాంగ్ మెట్రోలో తలుపులు మూసుకునే ముందు వచ్చే ప్రకటన గ్రాంథిక కాంటనీస్‌కు చక్కటి నమూనా. తలుపుల దగ్గరికి రావద్దని చెప్పడానికి చింగ్2 మత్6 కావ్3గన్6 చె1మున్4 అంటారు. మత్6 ప్రాచీన నిషేధార్థకం. మామూలుగా దాని చోట మ్4హోవ్2 అంటారు. కావ్3గన్6లో ‘దగ్గర’కు గ్రాంథికోచ్చారణ గన్6 వచ్చింది. అదే బండిలో ఒక తల్లి పిల్లవాడిని అంత దగ్గరగా నిలబడకురా అనాలంటే మ్4హోవ్2 కెయ్5 గమ్3 కన్5 అంటుంది. మొదటిదాంట్లో ఉన్న ఒక్క మాటా రెండోదాంట్లో లేదు, ‘దగ్గర’ తప్ప. అదీ వేరే ఉచ్చారణతో.

దినపత్రిక శీర్షికల్లో చోటు తక్కువ. ఏకాక్షర ప్రాచీన క్రియలు అక్కడ బాగా పనికొస్తాయి. ‘చేయాలని తలపెట్టారు’ అనడానికి యీ5, ‘విజ్ఞప్తి చేశారు’కు యూ6, ‘ప్రమేయం ఉందని ఆరోపణ’కు సిప్3, ‘అనుమానం’కు యీ4, ‘పొందారు’కు వోక్6. ఇలాంటి పాతిక, ముప్పై క్రియలు పట్టుబడితే శీర్షికలు చదవడం వచ్చేస్తుంది. కింద వార్తలో ఇవే మాటలు రెండక్షరాల రాతపదాలుగా విప్పారతాయి.

చావు కబురు చెప్పేటప్పుడు పొరలు ఇంకా స్పష్టంగా విడిపోతాయి. పచ్చిగా సెయ్2 అంటే చచ్చిపోవడం. బంధువులకు చెప్పేటప్పుడు గ్వో3సన్1, ఒంటిని దాటిపోవడం. వార్తల్లో సయ్6సయ్3. సంతాప ప్రకటనలో వృద్ధులకు సిన్1సయ్6, దేవతల్లో కలవడం. పూలచక్రం మీద రాసే చిన్1గూ2కు మాటకు మాట అర్థం ‘వేయి యుగాలు’. క్రైస్తవులైతే దాని బదులు ఓన్1సిక్1, శాంతితో విశ్రాంతి అని రాస్తారు. చిన్1గూ2 అంటే ఏమిటని నిఘంటువు చూసినవాడికి ‘అనంతకాలం’ అని కనిపిస్తుంది. ఆ భరోసాతో దాన్ని పెళ్లిరోజు శుభాకాంక్షల్లో రాస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రంగస్థలం, పాట

బడికి వెళ్లని వాళ్లకు గ్రాంథిక పదజాలం అందింది పాటల ద్వారా. గ్వాంగ్‌డాంగ్‌లో ‘చెక్కచేప పాటలు’ అనే పేరుతో పద్యకథల చిన్న పుస్తకాలు అచ్చయి వీధుల్లో అమ్ముడయ్యేవి. వాటిలో ఫాజిన్‌గెయ్ అనే ప్రేమకథను 1824లో పీటర్ థామ్స్ ఇంగ్లిష్‌లోకి అనువదించాడు. 1827లో జర్మన్ కవి గోథే ఆ అనువాదం చదివాడు. 1828లో జియూ జీయుంగ్ ప్రచురించిన యుత్‌అవ్ పాటల సంపుటిలో వేశ్యల విరహం వాడుకమాటల్లో, శాస్త్రీయ కవిత్వపు ప్రతీకల మధ్య నడుస్తుంది. వాటిని 1904లో ఇంగ్లిష్‌లోకి తెచ్చిన సెసిల్ క్లెమెంటి తర్వాతికాలంలో హాంగ్‌కాంగ్ గవర్నరయ్యాడు. ఆయన పుట్టింది మన కాన్పూర్‌లో, 1875లో.

నామ్‌యమ్ అనే కథాగానం అంధ గాయకులది. టీదుకాణాల్లో, నల్లమందు గదుల్లో పాడుతూ బతికేవారు. వాళ్లలో చివరి తరం గాయకుడు దౌ వన్ పాటలను 1975లో సంగీత పరిశోధకుడు బెల్ యుంగ్ హాంగ్‌కాంగ్ టీదుకాణంలో రికార్డు చేశాడు. నామ్‌యమ్ సాహిత్యం చాలావరకు గ్రాంథికం. కంటితో అక్షరం చూడని మనిషి గ్రాంథిక సమాసాలను సరైన ఉచ్చారణతో, సరైన చోట పాడాడంటే ఈ పదజాలం లిపితో పనిలేకుండా చెవి ద్వారా కూడా ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిందని తెలుస్తుంది.

కాంటనీస్ ఆపెరా అంతకంటే పెద్ద బడి. యునెస్కో 2009లో దీన్ని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నాటక రచయిత తోంగ్ దిక్‌సంగ్ 1957లో రాసిన దయ్‌నోయ్‌ఫా, అంటే రాకుమారి పువ్వు, మింగ్ వంశం కూలిన 1644 నాటి కథ. పురుష పాత్రలకు పేరుపడ్డ నటి యమ్ కిమ్‌ఫాయ్, ఆమెకు జోడీగా బాక్ స్యూత్‌సిన్ దాన్ని ఇంటింటి నాటకం చేశారు. తోంగ్ 1959లో తన కొత్త నాటకం తొలి ప్రదర్శన జరుగుతుండగా కుప్పకూలి, ఆ తర్వాత కన్నుమూశాడు. ఆయన రాసిన ఇలాంటి నాటకాల వల్లే ఫు6మా5 అనే మాట హాంగ్‌కాంగ్‌లో ముసలమ్మలందరికీ తెలుసు. అర్థం రాజుగారి అల్లుడు. అక్షరాలు చూస్తే అందులో గుర్రం ఉంది. చక్రవర్తి రథం వెంట నడిచే అదనపు గుర్రాలను చూసుకునే కొలువుకు అది పేరు. తర్వాతికాలంలో ఆ కొలువును గౌరవంగా అల్లుళ్లకే ఇవ్వడం అలవాటైంది, దాంతో కొలువు పేరే వరసగా మారింది. రాజు తనను తాను తగ్గించుకుంటూ ‘గుణం కొరవడినవాణ్ని’ అనడానికి గ్వా2యన్4 అంటాడు. ఆపెరాలో అది సింహాసనం మీది మాట. వాడుకలో గూ1గా1 గ్వా2యన్4 అంటే పెళ్లీపెటాకులూ లేని ఒంటరివాడు.

సినిమా పాటల కాలం వచ్చాక కథ మరో మలుపు తిరిగింది. 1974లో శామ్ హుయ్ వాడుక భాషలో హాస్యపు పాటలు పాడి ఊపు తెచ్చాడు. అయినా ప్రేమపాటలు, సీరియల్ పాటలు రాతభాషనూ మన్‌యిన్‌నూ వదల్లేదు. 1980 నాటి టీవీ సీరియల్ ‘షాంఘై తీరం’ పాట రాసిన జేమ్స్ వాంగ్ శైలి అందుకు ప్రసిద్ధం. హుందాతనం ఒక్కటే ఇందుకు కారణం కాదు. కాంటనీస్‌లో మాట స్వరం, బాణీ స్వరం కలిసి నడవాలి. కలవకపోతే వినేవాళ్లకు వేరే మాట వినిపిస్తుంది. బాణీ ముందే సిద్ధమై ఉంటుంది కాబట్టి రచయిత మాటల్ని దానికి ‘నింపాలి’. ఆ పనిని తిన్4చి4, పదాలు నింపడం అనే అంటారు. రచయితలు స్వరాలను నాలుగు స్థాయిలుగా పట్టుకుని 0, 2, 4, 3 అనే అంకెలతో గుర్తుపెట్టుకుంటారు: లింగ్4, యీ6, సెయ్3, సామ్1 అని పలికితే ఆ అంకెలే కింది నుంచి పైకి మెట్లెక్కుతాయి.

‘కాదు’ అనే భావం పాట శిఖరస్థాయిలో రావాలనుకుందాం. వాడుకమాట మ్4 కిందికి జారుతుంది, అక్కడ కూర్చోదు. రాతభాషలోని బత్1 సరిగ్గా అతుకుతుంది. ‘వద్దు’ అనాలంటే పైస్థాయిలో యౌ1 అనే ప్రాచీన నిషేధం ఉంది, కిందిస్థాయికి మోక్6, మత్6 ఉన్నాయి. ‘లేదు’కు జారే మోవ్4 ఉంది. ‘అతను’ కొయ్5 కింది నుంచి లేచేది, తా1 పైన నిలిచేది. గ్రాంథికం చేతిలో ఉంటే రచయితకు ఒక్కో అర్థానికి మూడు నాలుగు స్వరాలు దొరుకుతాయి. వాడుకలోని హయ్6, రాతలోని సి6 రెండూ ఒకే స్వరం. అక్కడ బాణీ తీర్పు చెప్పదు, రచయిత ఏ గొంతుతో మాట్లాడదలచాడన్నదే తేల్చాలి.

మూడింటినీ కలిపిన రాత

1940ల నుంచి 60ల వరకు హాంగ్‌కాంగ్ పత్రికల్లో సామ్‌కప్‌దయ్ అనే శైలి ఏలింది. మన్‌యిన్, రాతభాష, కాంటనీస్ వాడుక మూడూ ఒకే వాక్యంలో కలిసి సాగుతాయి. సామ్‌కప్‌దయ్ అనేది రాజపరీక్షలో మొదటి మూడు స్థానాలకు ఉన్న పేరు. పంది కాలేయం, పేగులు, మాంసపు ఉండలు వేసి వండే గంజికీ అదే పేరు. సామ్‌సోవ్ అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన గావ్ హుంగ్ 1947లో మొదలుపెట్టిన ‘బ్రోకరు దినచర్య’ ఈ శైలికి పతాక. యుద్ధానంతర నగరంలో బేరాలు కుదిర్చి బతికే మనిషి ప్రాచీన గద్యంలో మొదలుపెట్టి బజారు భాషలో బోల్తాపడతాడు, ఆ పడటంలోనే హాస్యం. ఇంకోవైపు నుంచి వచ్చినవాడు దౌత్యవేత్త లియు యన్‌తోవ్. నియమబద్ధమైన సప్తాక్షర పద్యంలో వీధి కాంటనీస్ కూర్చి చరిత్రపురుషుల మీద వ్యంగ్యం రాశాడు.

నేర్చుకునేవాళ్లకు ఈ రచనలంత మంచి పాఠ్యగ్రంథం లేదని చెప్పవచ్చు. ఏ మాట ఏ పొరదో తెలియకపోతే నవ్వు రాదు. నవ్వు వచ్చిందంటే పొరలు తెలిసినట్టే. పాఠశాలలు మాత్రం వీటి జోలికి పెద్దగా పోవు.

పద్యం చదివే గొంతు

టాంగ్ రాజవంశ కాలపు కవిత్వం కాంటనీస్‌లో చదివితేనే అందమని హాంగ్‌కాంగ్‌లో తరచు వినిపించే మాట. అందులో నిజముంది. ప్రాచీన చైనీస్‌లో ప్, త్, క్ అనే హల్లులతో తెగిపోయే అక్షరాలుండేవి. మాండరిన్ వాటిని పోగొట్టుకుంది, కాంటనీస్ నిలుపుకుంది. లియు జోంగ్‌యువాన్ మంచునది మీద రాసిన నాలుగు పాదాల పద్యంలో ప్రాసపదాలు మూడూ కాంటనీస్‌లో ‘త్’తో తెగుతాయి, మాండరిన్‌లో ఆ తెగింపు వినబడదు. ద్వారబంధాల మీద కట్టే జంటవాక్యాల్లో మొదటిది వక్రస్వరంతో, రెండోది సమస్వరంతో ముగియాలి. తెగే అక్షరాలు కాక 1, 4 స్వరాలు సమం, మిగిలినవన్నీ వక్రం. ఆ లెక్కతో కుడివైపు ఏది కట్టాలో ఎడమవైపు ఏది కట్టాలో కాంటనీస్ తెలిసినవాళ్లు చెవితోనే తేల్చేస్తారు.

అంతమాత్రాన కాంటనీస్ అచ్చంగా టాంగ్ రాజధాని భాషే అనడం అతిశయోక్తి. దూ మూ రాసిన కొండదారి పద్యంలో ప్రాసపదాలు కాంటనీస్‌లో కలవవు, ఒకటి ‘ఎ’తోనూ రెండు ‘ఆ’తోనూ ముగుస్తాయి. వెయ్యేళ్లలో ప్రతి భాషా మారింది, ఇదీ మారింది. ఉచ్చారణ విషయంలో 1008 నాటి గ్వాంగ్‌యున్ ప్రాసనిఘంటువే ప్రమాణమని వాదించిన పండితుడు హో మన్‌వుయ్. కాలం అనే మాటను అందరూ సి4గాన్1 అంటుండగా సి4గాన్3 అనాలని ఆయన పట్టుబట్టాడు. ప్రసారసంస్థల్లో కొందరు పాటించారు, జనం పాటించలేదు.

నిఘంటువులు, పాఠాలు

రాబర్ట్ మారిసన్ 1828లో మకావ్‌లోని ఈస్టిండియా కంపెనీ ముద్రణాలయంలో అచ్చువేయించిన కాంటన్ పదకోశం తొలినాటి నిఘంటువుల్లో ముఖ్యమైనది. తర్వాత వెల్స్ విలియమ్స్ 1856లో, ఎర్నెస్ట్ ఐటెల్ 1877లో పెద్ద నిఘంటువులు తెచ్చారు. వోంగ్ సెక్‌లింగ్ 1941లో వెలువరించిన ప్రాస, ఉచ్చారణల కోశం గ్రాంథికోచ్చారణలకు చాలాకాలం ఆధారంగా నిలిచింది. 2014లో మొదలైన యుత్‌దిన్ అనే ఆన్‌లైన్ నిఘంటువు స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుతున్నది. మాట రాతభాషదైతే ఆ సంగతి పక్కనే గుర్తించి, ఉదాహరణ వాక్యాలనూ ఇస్తుంది. నేర్చుకునేవాడికి నిజంగా కావలసిన సమాచారం అదే.

హాంగ్‌కాంగ్ ప్రాథమిక పాఠశాలల్లో వాడుక వాక్యాన్ని రాతభాషలోకి మార్చే అభ్యాసాలు మామూలు. వ్యాసంలో కొయ్5 కనిపిస్తే ఎర్రసిరా పడుతుంది. పైతరగతుల్లో మన్‌యిన్ వస్తుంది: 2018 నుంచి పాఠశాల చివరి పరీక్షకు పన్నెండు ప్రాచీన పాఠాలు తప్పనిసరి. కన్ఫ్యూషియస్, మెన్షియస్, జువాంగ్‌జి రచనల భాగాల నుంచి టాంగ్ కవితల వరకు అందులో ఉంటాయి. వీటిని కాంటనీస్ ఉచ్చారణతో కంఠస్థం చేయించే బళ్లు ఎక్కువ.

గ్వాంగ్‌జౌ పరిస్థితి వేరు. అక్కడ బడి మాధ్యమం మాండరిన్. 2010 వేసవిలో, ఆసియా క్రీడలకు ముందు, స్థానిక టీవీ ప్రసారాలను మాండరిన్‌లోకి మార్చాలన్న ప్రతిపాదన మీద జనం వీధుల్లోకి వచ్చారు. ఇంట్లో కాంటనీస్ మాట్లాడే పిల్లలకు కూరగాయల పేర్లు, తిట్లు, చుట్టరికాలు కాంటనీస్‌లో వస్తాయి. పాఠంలో నేర్చుకున్న మాట రాగానే మాండరిన్‌లోకి జారిపోతారు. గ్రాంథికోచ్చారణ వినే చోటు లేకపోతే రెండు ఉచ్చారణల జతల్లో ఒక సగమే మిగులుతుంది.

హాంగ్‌కాంగ్‌లో పుట్టిపెరిగిన భారతీయ, పాకిస్తానీ, నేపాలీ కుటుంబాల పిల్లల సమస్య దీనికి తలకిందులు. వాళ్లలో చాలామంది వీధిలో గలగలా కాంటనీస్ మాట్లాడతారు, రాతభాష దగ్గర ఆగిపోతారు. ఇంట్లో చైనీస్ పుస్తకం చదివి వినిపించేవాళ్లు లేనప్పుడు తా1, బత్1, సి6 అనేవి పాటల్లో తప్ప వినని మాటలు. 2014–15 విద్యాసంవత్సరంలో ప్రభుత్వం వీళ్ల కోసం చైనీస్‌ను రెండో భాషగా నేర్పే ప్రణాళికను తెచ్చింది. అందులో చదివే పిల్లలకు కొయ్5 తెలుసు, దాని అర్థమూ తెలుసు. దాని పక్కన తా1ను చేర్చి, ఏది నోటికో ఏది కలానికో చూపించడంతో పాఠం మొదలవుతుంది.